పై హాలుకు సరిపడే ఇంజను

కార్పెట్లు కడగడం రిబ్కా పెళ్లికి ముందే నేర్చుకున్న పని. విజయవాడలో ఒక హోటల్లో గదుల శుభ్రత చూసే సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు, అప్పుడప్పుడూ ఒక కంపెనీ వ్యాను వచ్చేది. ఆ వ్యానులోనే ఇంజను, నీళ్ల ట్యాంకు ఉండేవి. గాలి లాగే పెద్ద బ్లోయరూ అందులోనే ఉండేది. వ్యాను వీధిలో ఆగేది, పైపులు మాత్రం లోపలికి వచ్చేవి. ఒక సన్నని పైపు కాగిన నీళ్లు చిమ్మితే, ఇంకో లావు పైపు ఆ నీళ్లని మురికితో సహా వెనక్కి లాగేసుకునేది. పొద్దున కడిగిన కార్పెట్ మీద మధ్యాహ్నానికి అతిథులు నడిచేవాళ్లు.

పెళ్లయి రేపల్లె వచ్చాక ఆమె చేత్తో మోసుకెళ్లే చిన్న మిషనొకటి కొని ఇళ్లల్లో సోఫాలు, ఆఫీసుల్లో తివాచీలు కడగడం మొదలుపెట్టింది. భర్త దేవదానానికి మినీ ట్రక్కు ఉంది. చెరువులకి రొయ్యల మేత తోలేవాడు. మేత లోడు లేని రోజుల్లో భార్యని, మిషన్ని ఎక్కించుకుని ఊళ్లు తిప్పేవాడు. పని బాగానే దొరికేది. కానీ చిన్న మిషనుకి కరెంటు కావాలి. కరెంటు పోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. పైగా అది నీళ్లు సరిగా లాగదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తడి కార్పెట్ ఒక్క రోజులో ముక్క వాసన పట్టేది. ఇంటివాళ్లు ఫోన్ చేసి అడిగితే, ఫ్యాను వేసి ఉంచండని చెప్పడం తప్ప రిబ్కా ఏమీ చేయలేకపోయేది.

"మన బండి మీదే ఆ మిషను కట్టిద్దామండి," అంది ఒకరోజు భర్తతో. ఆ మాట అప్పటికి చాలాసార్లు అన్నదే. ఆ ఏడాది మేత కంపెనీవాళ్లు సొంత లారీలు పెట్టుకోవడంతో దేవదానం ఈసారి కాదనలేదు.

ఇద్దరూ తెనాలి వెళ్లారు. రైల్వే గేటు అవతల వీరరాఘవయ్యకి పెద్ద షెడ్డు ఉంది. పొలాల మోటార్లు, మిల్లుల జనరేటర్లు బాగుచేస్తూ ఆ షెడ్డులోనే జుట్టు నెరిసినవాడు. రిబ్కా చెప్పిందంతా విని, సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసుకున్నాడు.

"ఇంజను బ్లోయర్ని తిప్పాలి, నీళ్ల పంపుని తిప్పాలి. దాని పొగ వేడితోనే నీళ్లు కాగాలి. అంతేగా? కట్టొచ్చు. ఎన్ని హెచ్‌పీ ఇంజను కావాలమ్మా?"

రిబ్కా నోరు తెరిచేలోపే దేవదానం అందుకున్నాడు. "పదమూడు చాలు బాబాయి."

"నేనడిగింది మీ ఆవిడ్నయ్యా."

"బండి నాది కదా. అంతకన్నా బరువు మొయ్యదు."

రిబ్కా అతని ముఖంలోకి చూసింది. ఆ మాట ఎక్కడినుంచి వస్తోందో ఆమెకి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఎవరో బలవంతం చేస్తే హద్దుకి మించి మేత బస్తాలు వేసుకుని పెనుమూడి వైపు వెళ్లాడు. కాలవ కట్ట మీద, చక్రాల పైన బరువు ఆపే కమాన్ కట్టలు విరిగి బండి పక్కకి ఒరిగింది. తలుపు తోసుకుని దూకాడు కాబట్టి బతికాడు. బస్తాలన్నీ కాలవలో పడ్డాయి. బండిని క్రేనుతో లాగించారు. అప్పటినుంచి ఎవరెంత చెప్పినా ఒక్క బస్తా ఎక్కువ వేయనివ్వడు.

"సరే, పదమూడే పెట్టండి బాబాయిగారు," అంది రిబ్కా. హోటలు వ్యానులో ఎంత ఇంజను ఉండేదో ఆమెకీ తెలియదు. తెలియని సంగతి మీద గొడవెందుకనుకుంది.

మిషను తయారైంది. మొదటి పని రేపల్లెలో వాళ్లు వెళ్లే లూథరన్ చర్చిలోనే. గుమ్మం నుంచి పీఠం దాకా పరిచిన ఎర్ర తివాచీ అది. రంగు ఎరుపని అందరూ మర్చిపోయారు. బండి గుమ్మం దగ్గరే ఆగింది, పైపు చాలా కొంచెమే విప్పాల్సి వచ్చింది. కాగిన నీళ్లు తగలగానే ఆవిరి లేచింది. మురికినీళ్ల ట్యాంకు గాజు మూతలోంచి చూస్తే వెనక్కి వచ్చే నీళ్లు కాఫీ డికాషన్‌లా ఉన్నాయి. సాయంకాలానికి తివాచీ ఆరిపోయింది. పాస్టరు అయ్యగారు చెప్పులు విప్పి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, "కొత్తది కొన్నట్టుందమ్మా," అన్నారు. దేవదానం ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

రెండో పెద్ద పని బాపట్లలో వచ్చింది. సూర్యలంక వెళ్లే రోడ్డులో దుర్గాంబ గారి ఫంక్షన్ హాలు. భర్త వ్యవసాయం చూసుకుంటే, హాలు వ్యవహారమంతా ఆవిడే నడిపేది. కింద భోజనాలు, పైన పెళ్లి వేదిక. మర్నాడు పొద్దున నిశ్చితార్థం ఉంది. పై హాలులో ఆకుపచ్చ కార్పెట్ గోడ నుంచి గోడ దాకా ఉంది.

బండి కింద ఆగింది. పైపులకి పైపులు తగిలించి మెట్ల మీదుగా పైకి లాగారు. రిబ్కా హాలు చివర నుంచి మొదలుపెట్టింది. కాసేపటికే తేడా తెలిసింది. నీళ్లు చిమ్ముతున్నాయి గానీ వెనక్కి పోవడం లేదు. కింద ఇంజను మోత మారింది. గట్టిగా మొదలైన శబ్దం కాస్తా మూలుగులా అయింది. దేవదానం కిందనుంచి ఫోన్ చేశాడు.

"ఇంజను పడిపోతందే. రేసు పెంచినా లేవట్లేదు."

"ఆపకండి. ఆపితే ఈ నీళ్లన్నీ ఇక్కడే ఉండిపోతాయి."

ఇంజను దానంతట అదే ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే కొద్దిసేపు నడిచి మళ్లీ ఆగింది. రిబ్కా కాలు పెట్టినచోటల్లా కార్పెట్ లోంచి నీళ్లు ఉబికాయి. బండిలో ఉన్న పాత చిన్న మిషను తెచ్చి, తువ్వాళ్లు పరిచి తొక్కి, హాల్లో ఉన్న ఫ్యాన్లన్నీ వేసి, చీకటి పడేదాకా ఇద్దరూ పాటుపడ్డారు. చెమ్మ పోలేదు. దుర్గాంబ పైకి వచ్చి, ఒక మూల పాదంతో నొక్కి చూసి, అక్కడే నిలబడిపోయింది.

"పొద్దున్నే మగపెళ్లివారు వస్తారు. నేనేం చెప్పాలి వాళ్లకి?"

"తప్పు మాదేనండి."

"తప్పు మీదైతే పరువు నాది కదమ్మా పోయేది?"

నిశ్చితార్థం కింద భోజనాల హాల్లో, బల్లలు పక్కకి జరిపి చేసుకోవాల్సి వచ్చింది. దుర్గాంబ అరవలేదు. బండి గేటు దాటుతుంటే, "ఇంక ఇటు రాకండి," అని మాత్రం అంది.

తిరుగుదారిలో చెరుకుపల్లిలో టీకి ఆగారు. గ్లాసు చేతిలోకి రాగానే దేవదానం అన్నాడు.

"పై అంతస్తు పనులు ఒప్పుకోవద్దు. చర్చి ఎంత బాగా వచ్చింది! కింద ఉండేవే చేసుకుందాం."

"తెనాలిలో గానీ బాపట్లలో గానీ ఏ హాలు చూసినా కింద తినడం, పైన పెళ్లి. తివాచీలన్నీ పైనే ఉంటాయి. పైకి ఎక్కలేని మిషనుతో ఏం చేస్తామండి మనం?"

"అయితే ఏం చేద్దామంటావు?"

"ఎందుకు ఆగిపోయిందో తెలుసుకుందాం. ముందు ఆ పని చేద్దాం."

మర్నాడు మళ్లీ వీరరాఘవయ్య షెడ్డు. జరిగింది విని ఆయన బండి దగ్గరికి నడిచాడు. షెడ్డు ఆవరణలో పైపు కొంచెమే తగిలించి ఇంజను నడిపాడు. బాగా నడిచింది. ఇంకో పైపు కలిపాడు, ఇంకోటి కలిపాడు. బ్లోయరు ఎంత గట్టిగా లాగాల్సి వస్తోందో చూపే మీటరు ముల్లు పైకి ఎగబాకుతుంటే, ఇంజను మోత కిందికి దిగిపోయింది. పైపు ఈ చివర రిబ్కా అరచేయి అడ్డంపెట్టి చూసింది. మొదట చేతిని లాగేసుకున్న గాలి, ఇప్పుడు నోటితో ఊదినంత కూడా లేదు.

"చూశావా అమ్మాయ్? పైపు పొడుగయ్యేకొద్దీ అంత దూరం నించి గాలి రావడం కష్టం. బ్లోయరు ఇంకా గట్టిగా లాగాలి. ఆ భారమంతా వచ్చి ఇంజను మీద పడుద్ది. పదమూడు హెచ్‌పీ ఏం మోస్తది? చర్చి గుమ్మంలో మోసింది, అంతే."

"అంటే మనకి పెద్దది కావాలి."

"అదిగో, ఆ మూల ఉంది చూడు." ఆయన చూపించింది మూడు సిలిండర్ల డీజిలు ఇంజను, పాత జనరేటరుది. "దాన్ని పెడితే ముగ్గురు ఒకేసారి కడిగినా వెనక్కి తగ్గదు."

దేవదానం ఆ ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "దాన్ని ఎక్కిస్తే నా బండి ముందు చక్రాలు గాల్లో ఉంటాయి బాబాయి. నేను తోలను."

"బండి మారుస్తే?"

"మార్చను. ఈ బండితోనే చేద్దామనుకుంటే చేద్దాం, లేకపోతే మానేద్దాం." అతని గొంతు పెరిగింది. "నువ్వా రోజు కాలవ గట్టు మీద లేవు రిబ్కా. నేనున్నా."

షెడ్డులో పనివాళ్లు తల తిప్పి చూశారు. రిబ్కాకి ముఖం వేడెక్కింది. కానీ అతను చెప్పింది అబద్ధం కాదు. భయపడుతున్న మనిషితో బండి తోలించి ఊళ్లు తిరగడం ఆమెకీ ఇష్టం లేదు. అలాగని పదమూడు హెచ్‌పీ దగ్గర ఆగిపోవడానికీ ఒప్పుకోదు.

"బండి ఎంత మోస్తదో మీకు తెలుసు. ఇప్పుడెంత మోస్తందో తెలుసా?" అని అడిగింది.

"చిన్న ఇంజనేగా. తక్కువే ఉంటది."

"కాటా వేయిద్దాం పదండి."

పక్కనే రైసు మిల్లు దగ్గర లారీలు తూచే కాటా ఉంది. ఎప్పుడూ పనికి వెళ్లేటట్టే ట్యాంకు నిండా నీళ్లు పోసి, పైపులన్నీ వేసి బండిని కాటా ఎక్కించారు. కాటా గదిలోంచి మిల్లు గుమస్తా బరువు చదివి చెప్పాడు. దేవదానం మళ్లీ చదవమన్నాడు. చిన్న ఇంజనుతోనే బండి దాని హద్దు దాకా వచ్చేసి ఉంది. బాపట్ల దాకా అతను తెలియకుండా తోలింది ఆ బరువునే.

అతను స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. రిబ్కా మాత్రం దిగి బండి వెనక్కి వెళ్లింది. ఇంజను ఒక మూల చిన్నగా ఉంది. మిగతా చోటంతా నీళ్ల ట్యాంకే.

"ఏమండీ, ఇటు రండి. మనం మోసేది ఇంజన్ని కాదు. నీళ్లని."

"నీళ్లు లేకుండా ఏం కడుగుతావు? బాపట్ల బోరు నీళ్లు ఉప్పు. పోస్తే కార్పెట్ మీద తెల్ల చారలు వస్తాయని నువ్వే అన్నావుగా. హీటరు గొట్టం కూడా పాడైపోద్ది."

"అన్నాను. కానీ హాలువాళ్లు వంటలకి మంచినీళ్ల ట్యాంకరు తెప్పించుకుంటారు. వాళ్ల పని చేసేటప్పుడు ఆ నీళ్లే అడుగుదాం. లేదంటే ఆ ఊళ్లోనే ఒక ట్యాంకరు మాట్లాడుకుందాం. ఊరి నించి ఊరికి నీళ్లు మొయ్యడం దేనికి? బండిలో చిన్న ట్యాంకు చాలు. మురికినీళ్లు కూడా నిండేదాకా ఉంచకుండా పంపుతో ఎప్పటికప్పుడు తోడేద్దాం."

దేవదానం ట్యాంకు మీద చెయ్యేసి తట్టాడు. కాసేపు లెక్కేసుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. "ఖాళీ చేసి మళ్లీ కాటా వేయించు," అన్నాడు.

ఖాళీ ట్యాంకుతో వచ్చిన బరువు విన్నాక అతను బండి దిగి, తిన్నగా షెడ్డుకి నడిచాడు. "బాబాయి, ఆ డీజిలు ఇంజను వద్దు. నీళ్లు లేకపోయినా అది ఎక్కువే. దానికీ చిన్నదానికీ మధ్యలో ఏముంది?"

"రెండు సిలిండర్ల పెట్రోలుది ఉంది. ఇరవై అయిదు హెచ్‌పీ. కానీ ఇంజను ఒక్కటే మారిస్తే లాభం లేదు. బ్లోయరు పెద్దది వెయ్యాలి, పైపు లావుది వెయ్యాలి." వీరరాఘవయ్య రిబ్కా వైపు తిరిగాడు. "ఇంకో మాట. కింద ఇద్దరు కడగొచ్చు. పైన మాత్రం ఒక్కరికే సరిపోద్ది. పైన కూడా ఇద్దరు దిగితే మళ్లీ మొన్నటి కథే."

ఇద్దరు మనుషులు ఒకేసారి పనిచేస్తే పెద్ద హాలు సగం సమయంలో అయిపోతుందని రిబ్కా ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. తోడుగా రావడానికి వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ప్రశాంతితో మాట్లాడి కూడా పెట్టుకుంది. అందుకే ఆ మూలనున్న డీజిలు ఇంజన్ని ఇంకోసారి చూసింది. తర్వాత భర్తని చూసింది.

"పైన ఒక్కరమే కడుగుతాం. ఇంకొకరం పైపు పట్టుకుంటాం, సామాను జరుపుతాం. ఆలస్యమైతే అయింది. తడి మిగలకూడదు, అంతే. ఇరవై అయిదే పెట్టండి."

ఈసారి ఇంజను బిగించేటప్పుడు దేవదానం రోజంతా షెడ్డులోనే ఉన్నాడు. ఇంజను వెనక అంచున పెడతామంటే ఒప్పుకోలేదు. కేబినుకి ఆనుకుని, వెనక చక్రాలకి ముందు ఉండాల్సిందేనన్నాడు. ఇంజను కూర్చునే ఇనుప దిమ్మెల కింద, అదురు తగ్గేలా రబ్బరు వేయించాడు. మొదటిసారి నడిపి చూసినప్పుడు పాత పైపు ముక్క ఒకటి గాలి లాగుడుకి చప్పిడి అయిపోయి మూసుకుపోయింది. దాన్ని పారేసి తీగ చుట్టిన గట్టి పైపు తెచ్చారు. షెడ్డు పక్క మేడ మీద పాత కార్పెట్ ముక్క పరిచి, బిందెలతో నీళ్లు పోసి, పైపులన్నీ కలిపి లాగించారు. రిబ్కా దాని మీద ఒక న్యూస్‌పేపరు పరిచి మోకాళ్ల మీద కూర్చుంది. లేచి చూస్తే కాగితం అంచులు కొంచెం మెత్తబడ్డాయి గానీ తడవలేదు. ఇంజను మోత మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది.

అప్పుడు ఆమె బాపట్ల వెళ్లింది. ముందు ఒక్కతే బస్సులో వెళ్లింది.

దుర్గాంబ ఆఫీసు గదిలో పూలవాడితో మాట్లాడుతోంది. రిబ్కాని చూడగానే గుర్తుపట్టింది. "మిమ్మల్ని రావద్దన్నానే. మీ మిషను మళ్లీ మా మెట్లెక్కదు."

"మెట్లెక్కేది పైపేనండి. మిషను కిందే ఉంటది."

పూలవాడు నవ్వాడు. దుర్గాంబ నవ్వలేదు గానీ, పొమ్మని కూడా అనలేదు. రిబ్కా నిలబడే చెప్పింది. ఇంజను చిన్నదవడం వల్ల జరిగిందని, దాన్ని మార్చారని. "హాలు ఇవ్వొద్దండి. పైన అన్నిటికన్నా దూరంగా ఉన్న గది ఒక్కటి ఇవ్వండి. ఏ ఫంక్షనూ లేని రోజే వస్తాం. తడి మిగిలితే ఇంక బాపట్లలోనే ఎవర్నీ అడగను."

దుర్గాంబ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పెళ్లికూతురు గది ఉంది. అక్కడ పారాణి పడి కార్పెట్ అంతా మరకలే. అది చెయ్యండి, చూద్దాం."

"పారాణి మరక పూర్తిగా పోదండి. పల్చబడుద్ది. ముందే చెబుతున్నాను."

ఆ మాటకి దుర్గాంబ తలెత్తి చూసింది. "బుధవారం రండి," అంది.

బుధవారం ముగ్గురు వచ్చారు. ప్రశాంతి ఆ రోజే పనిలో చేరింది. హాలు డ్రమ్ముల్లో మంచినీళ్లు ఉన్నాయి. పైపు మెట్లెక్కి, హాలు దాటి, వరండా తిరిగి పెళ్లికూతురు గదిలోకి చేరింది. పైపు మూలల దగ్గర నలగకుండా ప్రశాంతి పట్టుకుంది. రిబ్కా చేతి గొట్టాన్ని కార్పెట్‌కి ఆనించి నెమ్మదిగా వెనక్కి లాగింది. లాగినంత మేర రంగు బయటపడింది. ఆమె చెవి మాత్రం కిందనుంచి వచ్చే ఇంజను మోత మీదే ఉంది. పైపు ఆ చివరంటా సాగినా ఆ మోత తగ్గలేదు.

సగంలో కరెంటు పోయింది. గదిలో లైట్లు ఆరిపోయాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి. పని ఆగి ఉంటుందనుకుని దుర్గాంబ పైకి వచ్చింది. కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి, ఆ వెలుతురులోనే రిబ్కా కడుగుతోంది. నుదుటి చెమట భుజానికి తుడుచుకుంది గానీ గొట్టం ఆపలేదు. దుర్గాంబ గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని చివరిదాకా కూర్చుంది.

అయిపోయాక ఆవిడ చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చింది. గది నాలుగు మూలలకీ నడిచింది. వంగి అరచేత్తో నొక్కింది. చేతిని చీర కొంగుకి తుడుచుకోబోయి, తుడుచుకోవాల్సిందేమీ లేదని ఆగింది. పారాణి మరకలు లేత గులాబీ చుక్కలుగా మిగిలాయి.

"కొంచెం చెమ్మ ఉంటదండి. భోజనాల వేళకి అదీ పోద్ది," అంది రిబ్కా.

"తెలుస్తానే ఉంది." దుర్గాంబ కిటికీలోంచి కిందికి చూసింది. దేవదానం బండి చుట్టూ తిరుగుతూ ఇంజను దిమ్మెల బోల్టులు ఒక్కొక్కటే బిగుతు చూసుకుంటున్నాడు. "శనివారం పెళ్లుంది. రేపు వచ్చి పెద్ద హాలు చేసిపెట్టండి."

"రేపు మాకు తెనాలిలో పని ఉందండి. మాటిచ్చేశాం. ఎల్లుండి పొద్దున్నే వస్తాం, ఆ సాయంకాలానికి మీకు హాలు ఆరి ఉంటది."

"ఒక్క రోజు ముందు? మళ్లీ అప్పటిలాగా..."

"అవదండి."

దుర్గాంబ వరండాలోకి వెళ్లి, శుక్రవారానికి మంచినీళ్ల ట్యాంకరు ఒకటి ఎక్కువ చెప్పమని మేనేజరుని కేకేసింది.

రిబ్కా పైపు విప్పి, ప్రశాంతి చేతికి ఒక చివర ఇచ్చి, చుట్ట చుట్టుకుంటూ మెట్లు దిగసాగింది.